మావయ్య ఛాతీలో రేడియో

మా మావయ్యది గూడూరు పక్కన పల్లె. చెన్నై అని బోర్డులు మారి ఇన్నేళ్లయినా ఆయనకు ఇది మద్రాసే. నాలుగేళ్ల కింద ఇక్కడే పేస్‌మేకర్ పెట్టించుకున్నాడు. ఎడమవైపు కాలర్ ఎముకకు కాస్త దిగువన, చర్మం కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అగ్గిపెట్టె అంత పొడుగు, దాంట్లో సగం మందం. ఆరు నెలలకోసారి చెకప్‌కి రైలెక్కి సెంట్రల్‌లో దిగి, ఎదురుగా పార్క్ టౌన్‌లో ఇంకో రైలు పట్టుకుని వేలచ్చేరిలో మా ఇంటికొస్తాడు.

పోయినసారి రాత్రి భోజనాలయ్యాక నేను ఫోన్ చార్జింగ్‌కి పెడుతుంటే అడిగాడు. "ఏందబ్బయా, నీ ఫోను ఒక రాత్రి చార్జింగ్ పెట్టకపోతే తెల్లారేసరికి చచ్చిపోతాది. నా దాంట్లో బ్యాటరీ పదేళ్లు వస్తాదని డాక్టరు చెప్పినాడు. పైగా అది రోజూ రేడియోలో ఆస్పత్రికి కబురు పంపుతాదంటివి. ఎట్టా?"

నేను తరమణిలో నీళ్ల మీటర్లకు వైర్‌లెస్ బోర్డులు తయారుచేసే చోట పనిచేస్తాను కాబట్టి ఇలాంటివన్నీ నాకు తెలుస్తాయని ఆయన నమ్మకం. గుండె సంగతి నాకు తెలియదు గానీ, చిన్న బ్యాటరీతో పదేళ్లు రేడియో నడపడం ఎంత కష్టమో మాత్రం బాగానే తెలుసు. చేతులు కాల్చుకుని నేర్చుకున్నదది. ఒకసారి మా బోర్డులో నేను రాసిన ప్రోగ్రాములో ఒక్క లైను తప్పింది. మెసేజి పంపాక రిసీవర్‌ని ఆపాల్సిన చోట ఆపలేదు. అందులోది 2400 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీ, రిసీవర్ లాగేది 12 మిల్లీఆంపియర్లు. 200 గంటలు. పదేళ్లు రావాల్సిన బ్యాటరీ తొమ్మిదో రోజు పొద్దున్నకు ఖాళీ. మీటరు ఆ వారమంతా పంపింది నాలుగు మెసేజీలే. మిగతా సమయమంతా ఎవరైనా పిలుస్తారేమోనని చెవులు రిక్కించి కూర్చుంది, అంతే.

రేడియోలో మాట్లాడటం కంటే వినడమే ఖరీదు. ఎందుకంటే మాట కాసేపే, ఎదురుచూపు రోజంతా. పేస్‌మేకర్ల వైర్‌లెస్ కథంతా ఈ ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ముందు గుండెవైపు లెక్క చూద్దాం. పేస్‌మేకర్ బ్యాటరీ సామర్థ్యం సుమారు 1 ఆంపియర్ అవర్. గుండెకు తట్టి కొట్టుకునేలా చేయడం, అది సొంతంగా కొట్టుకుంటోందా లేదా అని గమనించడం, రికార్డు రాసుకోవడం, అన్నీ కలిపి సగటున 10 మైక్రోఆంపియర్ల చుట్టుపక్కల వాడుతుంది. భాగిస్తే లక్ష గంటలు, అంటే పదకొండేళ్లకు పైమాట. మావయ్యకు డాక్టరు చెప్పిన పదేళ్ల లెక్క ఇదే. ఇప్పుడు ఇందులో ఒక రేడియో పెడదాం. ఇంప్లాంట్ల కోసమే, అంటే ఒంట్లో పెట్టే యంత్రాల కోసమే తయారైన చిప్పు కూడా మేలుకుని ఉన్నప్పుడు 5 మిల్లీఆంపియర్లదాకా తీసుకుంటుంది. గుండె పనికి అయ్యే ఖర్చుకు 500 రెట్లు. అది ఆగకుండా నడిస్తే బ్యాటరీ వచ్చేది 200 గంటలే. నా మీటరు చచ్చిన లెక్కే! తేడా ఏంటంటే మీటర్లో బ్యాటరీ మార్చడానికి స్క్రూడ్రైవర్ చాలు.

అదే రేడియో రోజుకు పది సెకన్లు మాత్రం మేలుకుంటే? సగటు ఖర్చు 0.6 మైక్రోఆంపియర్ల లోపే. పదకొండేళ్ల ఆయుష్షులో ఏడెనిమిది నెలలు తగ్గుతుంది. ఈ బేరం పర్వాలేదు. పది సెకన్లలో ఏం చెప్పగలదు అంటారా, చాలానే చెప్పగలదు, కాకపోతే సోది చెప్పకూడదు. గుండె సిగ్నల్‌ని సెకనుకు 250 సార్లు, పదేసి బిట్లతో కొలిచి, కొలిచిందంతా పంపాలంటే రోజుకు 27 మెగాబైట్లు. అలా కాకుండా లోపలే లెక్కవేసుకుని "ఇన్నిసార్లు నేను తట్టాను, ఇన్నిసార్లు తనే కొట్టుకుంది, రాత్రి ఒకసారి లయ తప్పింది, ఆ అరనిమిషం రికార్డు ఇదిగో, బ్యాటరీ ఓల్టేజి ఇంత" అని సారాంశం చెబితే కొన్ని కిలోబైట్లతో సరిపోతుంది. పూర్వం టెలిగ్రాం ఇచ్చేవాళ్లు మాటకింత అని డబ్బు కట్టేటప్పుడు ఎంత ఆచితూచి రాసేవారో, ఇక్కడా అంతే. లోపల లెక్కలు వేయడానికయ్యే కరెంటు, కొలిచిందంతా బయటికి పంపడానికయ్యే కరెంటు కంటే దాదాపు ఎప్పుడూ చవక.

మాట్లాడటం సర్దుకుంది. మరి వినడమో? డాక్టరు దగ్గరో, మంచం పక్కన ఉండి ఆస్పత్రికి కబురు చేరవేసే పెట్టెలోంచో పిలుపు ఎప్పుడొస్తుందో లోపలి యంత్రానికి తెలియదు. పోనీ సెకనుకోసారి లేచి, ఒక్క మిల్లీసెకను విని పడుకుందామంటే, అదే సగటున 5 మైక్రోఆంపియర్లు. గుండెకు పెట్టే ఖర్చులో సగం ఊరికే వినడానికే పోతుంది. ఈ ముడి విప్పడానికి చేసిన ఉపాయం నాకు చాలా ఇష్టం. ఇంప్లాంట్‌లో చెవులు రెండు పెట్టారు. ఒకటి మంచి రేడియో, అది దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. రెండోది మొద్దు చెవి. దానికి మాటలు అర్థం కావు, 2.45 గిగాహెర్ట్జ్‌లో గట్టిగా వచ్చే ఒక గుర్తు పిలుపు మాత్రం తెలుస్తుంది. అది ఉండుండి ఒక్కక్షణం చెవి ఒగ్గి మళ్లీ సర్దుకుంటుంది. జార్లింక్ కంపెనీ ఇంప్లాంట్ల కోసం తెచ్చిన చిప్పులో ఈ మొద్దు చెవి సగటు ఖర్చు 290 నానోఆంపియర్లు, అంటే 0.3 మైక్రోఆంపియర్ కూడా లేదు.

మావయ్యకు ఇది రైలు లెక్కలో చెప్పాను. ఆయన బండెక్కగానే కునుకు తీస్తాడు. టీ, కాఫీ, సమోసా అని పక్కన ఎంత అరిచినా కదలడు. ఎవరో "గూడూరు" అన్నారంటే మాత్రం ఠక్కున లేచి సంచీ వెతుక్కుంటాడు. పూర్తిగా మేలుకోకుండానే చెవి ఆ ఒక్క మాట కోసం కాపలా కాస్తుంటుంది. ఇంప్లాంట్‌లో కూడా పిలుపులోని గుర్తు సరిపోలితేనే పెద్ద రేడియో నిద్రలేస్తుంది. పక్కింటి వైఫై అరుపులకు లేవకూడదు మరి. అరిచే కష్టం ఎవరిది అన్నది కూడా గమనించండి. బయటి పెట్టెది. దానికి గోడలో ప్లగ్గు ఉంది, ఎంతైనా అరుస్తుంది. ఇంప్లాంట్ల డిజైన్‌లో నాకు కనిపించే న్యాయం ఇదే: కష్టమంతా బయటివాడి నెత్తిన వేసి లోపలివాడిని పడుకోనివ్వడం.

లేచాక ఇద్దరూ మాట్లాడుకునేది మాత్రం 2.45 గిగాహెర్ట్జ్‌లో కాదు, కింద 402 నుంచి 405 మెగాహెర్ట్జ్‌ల మధ్య. అమెరికాలో 1999లో ఈ ముక్కను ఇంప్లాంట్లకు కేటాయించారు, తర్వాత చాలా దేశాలు అదే బాట పట్టాయి. ఈ నంబరు వెనక ఒంటి తత్వం ఉంది. మన కండ ఉప్పునీళ్లతో తడిసిన స్పాంజి లాంటిది. రేడియో తరంగం అందులో దూరగానే వేడిగా మారి నీరసపడుతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంకా తొందరగా. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కండలో రెండు సెంటీమీటర్లు దాటేసరికే బలం బాగా పడిపోతుంది. 400 మెగాహెర్ట్జ్ అయితే దానికి రెట్టింపు లోతుకు పోతుంది. మరీ కిందికి దిగుదామా అంటే యాంటెన్నా పెద్దదవ్వాలి, ఛాతీలో దానికి చోటెక్కడ? ఇక్కడ కండ ఒక మేలు కూడా చేస్తుంది. 403 మెగాహెర్ట్జ్ తరంగం గాలిలో 74 సెంటీమీటర్ల పొడుగు, కండలో పది సెంటీమీటర్లకు ముడుచుకుంటుంది. అందుకే అగ్గిపెట్టెంత డబ్బాకు అంటుకున్న బుల్లి యాంటెన్నాతో ఎలాగోలా పని నడుస్తుంది.

ఈ బ్యాండు అంతకుముందునుంచీ వాతావరణ బెలూన్లది. మన మీనంబాక్కంలో పొద్దునా సాయంత్రమూ ఎగరేసే బెలూన్ల కింద వేలాడే పరికరం లాంటివి ప్రపంచమంతటా 400 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలే గాలి తేమ, వేడి లెక్కలు కిందికి చెబుతుంటాయి. ఆకాశంలో ఎక్కడో ఉన్న బెలూనూ, ఇంట్లో మంచం మీద మనిషి ఛాతీలోని యంత్రమూ ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోరని లెక్కవేసి ఇద్దరికీ ఒకే వీధి ఇచ్చారు. తుఫాను వస్తే గూడూరు మీదికా, మద్రాసు మీదికా అని టీవీ ముందు టెన్షన్ పడే మావయ్యకు ఈ సంగతి తెగ నచ్చింది. "అయితే నేను, బెలూను ఒకే లైన్లో ఉండామన్నమాట" అన్నాడు.

ఆ వీధిలో గొంతు పెంచకూడదని రూలుంది. ఇంప్లాంట్ బయటికి వదిలే బలం 25 మైక్రోవాట్లు మించకూడదు. మన ఫోన్ టవర్‌తో గట్టిగా మాట్లాడేటప్పుడు వదిలేది దీనికి 8000 రెట్లు. మాట్లాడే ముందు బయటి పెట్టె పది ఛానళ్లలో ఏది ఖాళీగా ఉందో విని చూసుకోవాలి కూడా. సరే, 25 మైక్రోవాట్ల గుసగుసే కదా, దీనికింత హైరానా ఎందుకని నాకూ మొదట్లో అనిపించింది. అసలు సంగతి ఏంటంటే ఆ గుసగుస బయటికి రావడానికి లోపల 5 మిల్లీఆంపియర్లు, 2.8 ఓల్టులు, అంటే 14 మిల్లీవాట్లు పెట్టాలి. 500 రెట్లకు పైనే! మిగతాదంతా ఫ్రీక్వెన్సీని కదలకుండా పట్టుకునే ఆసిలేటర్‌కీ, ఆంప్లిఫయర్లకీ, లెక్కలకీ పోతుంది. పెళ్లిలో తాళి ఖర్చు కంటే పందిరి ఖర్చు ఎక్కువైనట్టు. అందుకే గుసగుసని ఇంకా తగ్గించినా పెద్దగా మిగిలేదేమీ లేదు, పందిరినే తగ్గించాలి.

బ్యాటరీదీ ఒక పేచీ ఉంది. 1970లలో వచ్చిన లిథియం అయోడిన్ బ్యాటరీ పేస్‌మేకర్ల రాత మార్చింది. ఏళ్ల తరబడి కూర్చోబెట్టినా తనంతట తాను పెద్దగా తరగదు, లీకవదు. అంతకుముందు బ్యాటరీలు రెండేళ్లకే చేతులెత్తేసేవి. ఆ రోజుల్లో జనం ఎంత విసిగిపోయారంటే, 1970లో పారిస్‌లో ప్లుటోనియంతో నడిచే పేస్‌మేకర్‌ని కూడా మనిషికి పెట్టారు. అయితే లిథియం అయోడిన్ లోపలి నిరోధం ఎక్కువ, వాడేకొద్దీ వేల ఓమ్‌లకు పెరుగుతుంది. మేడ మీద ట్యాంకు నిండా నీళ్లున్నా కిందికొచ్చేది సెలైన్ పైపంత సన్నం అనుకోండి. చుక్కచుక్కగా తాగే గుండె పనికి అది చాలు. వెయ్యి ఓమ్‌ల గుండా రేడియో 5 మిల్లీఆంపియర్లు గుంజితే 5 ఓల్టులు అక్కడే పడిపోవాలి, ఉన్నదే 2.8! రేడియో పెట్టాలంటే ముందు బ్యాటరీ రసాయనమే మార్చాల్సి వచ్చింది. ఎక్కువ కరెంటు ఇవ్వగల కార్బన్ మోనోఫ్లోరైడ్ లాంటివి అలా వచ్చాయి. నిజానికి చర్మం మీదనుంచి లోపలికి కరెంటు పంపడం కొత్తదేం కాదు. 1958 అక్టోబర్‌లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌కు పెట్టిన తొట్టతొలి ఇంప్లాంట్ పేస్‌మేకర్‌ని బయట తీగచుట్ట పెట్టి చార్జ్ చేసేవారు. ఆ యంత్రం కొన్ని గంటలకే ఆగిపోయింది గానీ ఆయన ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 86 ఏళ్లు బతికాడు.

ఇక పందిరి తగ్గించిన వాళ్ల దారి. చీకట్లో ఎవరికైనా సైగ చేయాలంటే టార్చిలైటు వెయ్యొచ్చు. ఎదుటివాడే లైటు వేస్తుంటే మనం చేతిలో అద్దం ఆడిస్తే చాలు, మనకు బ్యాటరీతో పనిలేదు. గుండె బలహీనపడ్డవాళ్లకు ఊపిరితిత్తుల ధమనిలో పెట్టే కార్డియోమెమ్స్ అనే సెన్సర్ ఇలాంటిదే. అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. అందులో బ్యాటరీ లేదు, ఉన్నది ఒక తీగచుట్ట, రక్తం ఒత్తిడికి నొక్కుకునే ఒక పలుచటి కెపాసిటర్. తంబూరా బిరడా తిప్పితే తీగ శ్రుతి మారినట్టు, ఒత్తిడి మారితే దాని శ్రుతి మారుతుంది. రోగి యాంటెన్నా ఉన్న దిండు మీద పడుకుంటే, దిండు రేడియో తరంగంతో మీటి, తిరిగొచ్చే శ్రుతిని విని ఒత్తిడి కనుక్కుంటుంది. లోపలిదానికి ఖర్చు సున్నా, అరిగిపోయేదీ లేదు. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. ఎవరూ మీటకపోతే అది మూగది. గుండెకు క్షణక్షణం కాపలా కాయాల్సిన పేస్‌మేకర్‌కి ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు.

ఆరోగ్యశ్రీలో వినికిడి కోసం పిల్లలకు పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్లు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. చెవి వెనక అయస్కాంతంతో అతుక్కున్న బిళ్ల చూసే ఉంటారు. దాని కిందే చర్మం లోపల ఇంకో తీగచుట్ట. కరెంటూ మాటా రెండూ ఆ కొన్ని మిల్లీమీటర్ల చర్మం దాటి ఒకే దారిలో పోతాయి. బ్యాటరీ బయటే కాబట్టి అయిపోతే మార్చుకోవచ్చు. ఆటలో బిళ్ల జారిందా, వినికిడి కట్.

రేడియోనే ఎందుకు పట్టుకు వేలాడాలి అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒంట్లో ఉన్నది నీళ్లయితే నీళ్లలో బాగా పోయేది శబ్దం కదా. 2016లో బర్క్‌లీ పరిశోధకులు మూడు మిల్లీమీటర్ల పొడుగు సెన్సర్‌ని ఎలుక నరం మీద పెట్టి, అల్ట్రాసౌండ్‌తోనే కరెంటు ఇచ్చి, అల్ట్రాసౌండ్ ప్రతిధ్వనిలోనే నరం కబురు విన్నారు. బాగానే ఉంది గానీ స్కానింగ్‌లో లాగా జెల్ పూసి అదిమి పట్టుకోవాలి, మధ్యలో ఎముకో ఊపిరితిత్తో వస్తే అక్కడితో సరి. నాకు అంతకంటే బుద్ధిగా తోచింది ఇంకొకటి. తీగలు లేకుండా నేరుగా గుండె గదిలోనే కూర్చునే, మాత్రంత పేస్‌మేకర్లు ఇప్పుడు వస్తున్నాయి. పై గదికొకటి, కింది గదికొకటి రెండు పెడితే, పైది తట్టగానే కిందిదానికి తెలియాలి, అదీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ. రేడియో అయితే ఆ బుల్లి బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది? అమెరికాలో 2023లో అనుమతి వచ్చిన అవేర్ జంటలో అవి రక్తం, గుండె కండల గుండానే, గుండెకు తగలనంత చిన్న కరెంటు దెబ్బలతో మాట్లాడుకుంటాయి. ఉప్పునీళ్లు రేడియోకి శత్రువైతే, తిన్నగా కరెంటు పంపడానికి అవే తీగ.

కొత్త పేస్‌మేకర్లు కొన్ని మంచం పక్క పెట్టెను వదిలేసి, బ్లూటూత్‌తో నేరుగా ఫోన్‌కే మాట్లాడుతున్నాయి. ఒంటి లెక్క ప్రకారం 2.4 గిగాహెర్ట్జ్ అంత మంచి ఎంపికేం కాదు. కానీ ఫోన్ అందరి దగ్గరా ఉంది, అక్కడే ఆ వాదన గెలిచింది. మావయ్యది బటన్ల ఫోను కాబట్టి ఆయన ఈ తగువులో లేడు. ఆ ఫోన్ కూడా ఎడమ జేబులో పెట్టొద్దని, పేస్‌మేకర్‌కి జానెడు దూరంలో ఉంచమని చెబితే ఇప్పుడు కుడివైపు జేబు కుట్టించుకుంటున్నాడు.

వినే చెవి ఉందంటే దొంగ కూడా పిలవగలడు. 2008లో అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక గుండె ఇంప్లాంట్ మాటల్ని రేడియో పరికరాలతో చాటుగా విని, దాని సెట్టింగులు మార్చగలిగారు. పదేపదే పలకరించి మేలుకునే ఉంచితే బ్యాటరీ తరిగిపోతుందనీ హెచ్చరించారు. తాళాలు పెట్టాలంటే గుప్తలిపి లెక్కలకు మళ్లీ కరెంటు కావాలి. వాళ్లు సూచించినవాటిలో ఒకటి: ముందు నువ్వెవరో నిరూపించుకో, ఆ నిరూపణ పరీక్షకయ్యే కరెంటు కూడా నీ తరంగంలోంచే నేను తీసుకుంటాను. అరవాల్సినవాడే ఖర్చు భరించాలన్న పాత న్యాయమే.

మర్నాడు క్లినిక్‌లో టెక్నీషియన్ అమ్మాయి కంప్యూటర్ మౌస్ లాంటి చుట్టను మావయ్య చొక్కా మీద ఆనించి, స్క్రీన్ చూసి, ఇంకో ఏడేళ్లు వస్తుందంది. తర్వాత ముఖం చిట్లించి తమిళం కలిసిన తెలుగులో అడిగింది. "తాతగారూ, ఇరవై రోజులుగా ఇంటినుంచి ఒక్క రిపోర్టూ రాలేదే. పెట్టె ఆన్‌లో ఉందా?"

మావయ్య నా వైపు చూశాడు. ఆ పెట్టె మంచానికి రెండు మూడు మీటర్ల లోపుండాలి, రాత్రి నిద్రలో ఉన్నప్పుడు లోపలి యంత్రం దాంతోనే మాట్లాడుతుంది. ఆయన మంచం దగ్గర ఉన్నది ఒకటే ప్లగ్గు. నెల్లూరు జిల్లా దోమల గురించి నేను కొత్తగా చెప్పాలా? పెట్టె పీకి అక్కడ దోమల మందు మిషను పెట్టుకున్నాడు. ఇరవై రాత్రులు లోపలిది తన వంతు సారాంశం సిద్ధం చేసుకుని, వినేవాడు లేక, రాసుకున్నది దాచుకుని మళ్లీ పడుకుంది. బయట లక్ష రూపాయల ఇంజనీరింగ్ ఒక ప్లగ్గు దగ్గర ఆగిపోయింది.

సాయంత్రం రిచ్చీ స్ట్రీట్‌కి తీసుకెళ్లి నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనిచ్చి రైలెక్కించాను. రెండ్రోజులకు ఫోన్ చేశాడు.

"అబ్బయా, పెట్టెలో పచ్చలైటు వెలగతా ఉంది. దోమల మిషను పక్కన పెట్టినా. ఇంకా రెండు బొక్కలు ఖాళీగానే ఉండాయి."